సముద్రం దాటొచ్చిన ఆటపెట్టె

మా పుట్టిల్లు అరకులో. ఇంటికి కాస్త దూరంలోనే రైలు పట్టాలు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజంతో గూడ్సు బండి ఘాట్ దిగుతుంటే నాన్న, "అదిగో, జపాన్ వెళుతోంది" అనేవారు. హాస్యమేం కాదు. కొత్తవలస–కిరండూల్ లైనును 1960లలో జపాన్ సాయంతో వేసింది అక్కడికి ఖనిజం పంపడానికే. విశాఖ రేవులో అది ఓడెక్కేది.

ఆ జపాన్ నుంచి మా ఇంటికి తిరిగొచ్చిన వస్తువు ఒక్కటే, వీడియో గేమ్ కన్సోల్. అదీ అమెరికా మీదుగా!

2003లో మేం న్యూజెర్సీలో ఉండేవాళ్ళం. తమ్ముడు పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసయ్యాడని, ఇంటిఖర్చుల్లో డాలరు డాలరు మిగిల్చి కొన్నాను. చీరల మధ్య చుట్టి తెచ్చాను. ఇంటిల్లిపాదీ టీవీ చుట్టూ చేరాం. వాడు ప్లగ్గు పెట్టి స్విచ్ వేశాడు. టప్‌మని ఒక శబ్దం, కాలిన వాసన. అంతే. వాడు ఏడవలేదు. "పర్లేదులే అక్కా" అన్నాడు. ఏడ్చినా బావుండేది అనిపించింది.

తప్పు దుకాణానిది కాదు, నాది. అమెరికా ఇళ్ళలో కరెంటు 120 వోల్టులు, జపాన్‌లో 100, మనకు 230. నేను కొన్నది 120కి మాత్రమే పనికొచ్చేది. అది పెట్టె వెనకే రాసి ఉంది. ధర చీటీ చూసినంత శ్రద్ధగా దాన్ని చూడలేదు.

తర్వాత తెలిసింది, కరెంటు ఒక్కటే కాదు అడ్డు. 1983 జూలైలో నింటెండో సంస్థ జపాన్‌లో 'ఫ్యామిలీ కంప్యూటర్' అమ్మడం మొదలుపెట్టింది. 1985లో అమెరికాకి పంపేటప్పుడు పెట్టె రూపమే మార్చేసింది. జపాన్ క్యాసెట్‌కి 60 పిన్నులు, అమెరికా క్యాసెట్‌కి 72. పైగా కంపెనీ అనుమతి లేని ఆట నడవకుండా లోపల ఒక చిప్పు. బొమ్మ సంగతీ అంతే. అమెరికా, జపాన్ టీవీలది ఎన్‌టీఎస్‌సీ పద్ధతి, 1982లో మనకు వచ్చిన కలర్ టీవీలది పాల్ పద్ధతి. అక్కడి పెట్టెని ఇక్కడి పాత టీవీకి తగిలిస్తే బొమ్మ దొర్లిపోవచ్చు, రంగులు పోవచ్చు. సినిమా డీవీడీలకూ ప్రాంతాలు పంచారు. అమెరికా 1, జపాన్ 2, మనం 5.

మన దేశంలో అప్పట్లో ఎలక్ట్రానిక్ వస్తువుల దిగుమతిపై ఆంక్షలుండేవి. అందుకే నింటెండో పెట్టెని విడిభాగాలుగా తెచ్చి, లైసెన్సుతో ఇక్కడే బిగించి 'సమురాయ్' పేరుతో అమ్మారు. అది దొరకనివాళ్ళకి నకలు పెట్టెలు, లేదంటే ఫారిన్ చుట్టాలు. పిల్లలు మన సూట్‌కేసుల వైపు అంత ఆశగా చూసింది అందుకే.

క్రమంగా గోడలు తగ్గాయి. 2006లో వచ్చిన ప్లేస్టేషన్ 3కి, 2017లో వచ్చిన స్విచ్‌కి దాదాపు ఏ దేశపు ఆటైనా నడుస్తుంది. హెచ్‌డీఎంఐ తీగ వచ్చాక పాల్, ఎన్‌టీఎస్‌సీ గొడవ దాదాపు పోయింది. అయినా ఎదురుచూపులు పోలేదు. ప్లేస్టేషన్ 5 అమెరికాలో 2020 నవంబరు 12న వస్తే మనకు 2021 ఫిబ్రవరి 2న వచ్చింది. ఇప్పటి అడ్డుగోడ కంటికి కనబడదు, అది ఖాతాలో ఉంటుంది. అక్కడి దేశం పేరుతో తెరిచిన ఖాతాకి ఇక్కడి బ్యాంకు కార్డు పట్టకపోవచ్చు. డిస్కు ఒక దేశానిదై ఖాతా మరో దేశానిదైతే, ఆ ఆటకి విడిగా కొనే అదనపు భాగాలు కలవకపోవచ్చు. వారంటీ కూడా కొన్న దేశానికే పరిమితం కావచ్చు. పరాయి దేశంలో ఉండి కొనేవాళ్ళు ధర కంటే ముందు ఇవి చూసుకోవాలి.

మేం తిరిగొచ్చి విశాఖలో స్థిరపడ్డాం. ఇప్పుడు తమ్ముడు డాలస్‌లో ఉన్నాడు. మొన్న ఫోన్ చేసి, "అక్కా, అల్లుడికి గేమ్ కొన్నాను" అన్నాడు.

నా నోట్లోంచి మొదట వచ్చిన మాట, "వెనకాల వోల్టులు చూశావురా?"

వాడు నవ్వాడు. "100 నుంచి 240 అని ఉందక్కా. దుకాణంలో నేను మొదట చూసేది అదే."

ఇరవై ఏళ్ళు దాటినా వాడూ మరిచిపోలేదన్నమాట.