ఎమ్మార్వో: ఒక సంక్షిప్త పదం చరిత్ర, నిర్మాణం

1. ఉపోద్ఘాతం:
ప్రభుత్వాధికారుల హోదాలను తెలిపే పొడి అక్షరాల పేర్లు తెలుగు వాడుకలో అనేకం ఉన్నాయి. బీడీవో, ఆర్డీవో, ఎమ్మార్వో, వీఆర్వో వంటివి వాటిలో కొన్ని. వీటిలో ‘ఎమ్మార్వో’ పదం పాలనాచరిత్రనూ, తెలుగు ఉచ్చారణ స్వభావాన్నీ ఒకేచోట చూపుతుంది.

2. చారిత్రక నేపథ్యం:
పూర్వం తాలూకాకు తహసీల్దారు, గ్రామానికి ఆంధ్రప్రాంతంలో కరణం, మునసబు, తెలంగాణలో పట్వారీ, పటేలు రెవెన్యూ వ్యవహారాలు చూసేవారు. ‘తహసీల్’ వసూలు అనే అర్థం గల అరబ్బీ పదం. ‘దార్’ పారశీక ప్రత్యయం. ‘కరణం’ సంస్కృత మూలం కలది. ఎన్.టి.రామారావు ప్రభుత్వం 1984 జనవరిలో ఆర్డినెన్సు ద్వారా వంశపారంపర్య గ్రామోద్యోగాలను రద్దు చేసింది. 1985లో తాలూకాల స్థానంలో వెయ్యికి పైగా మండలాలు ఏర్పడ్డాయి. మండల రెవెన్యూ ఆఫీసరు అనే కొత్త హోదా అప్పుడు వచ్చింది. దాని ఆంగ్ల పొడి అక్షరాలే ‘ఎమ్మార్వో’ అయ్యాయి.

3. పదనిర్మాణం:
ఎం, ఆర్, ఓ అనే మూడక్షరాలు విడివిడిగా నిలవలేదు. అచ్చు పరమైనప్పుడు మకారం ద్విత్వమై ‘ఎమ్మార్’ అయింది. ‘ఒక’ను ‘వొక’ అని పలికే అలవాటే ‘ఓ’కు ముందు వకారాన్ని చేర్చింది. ‘ఎవరు’ను ‘యెవరు’ అనడంలోని యకారమే ‘ఎమ్మెల్యే’లో కనిపిస్తుంది. ఈ విధంగా ఏర్పడిన పదం ‘ఎమ్మార్వోగారు’, ‘ఎమ్మార్వోలు’, ‘ఎమ్మార్వోకు’ అని తెలుగు నామవాచకాల వలెనే ప్రవర్తిస్తుంది. ‘మండల రెవెన్యూ అధికారి’ అనే రూపం రాతలో ఉన్నా, దాని తొలి అక్షరాలతో వాడుకపదం ఏర్పడలేదు.

4. హోదా మారినా నిలిచిన పదం:
తరువాతి కాలంలో ప్రభుత్వం ఈ హోదాకు ‘తహసీల్దారు’ అనే పాత పేరునే తిరిగి ఇచ్చింది. కార్యాలయాల బోర్డులు మారాయి. అయినా కుల, ఆదాయ ధ్రువపత్రాల కోసం, పట్టా మార్పిడి కోసం వెళ్ళే సామాన్యుడు నేటికీ ‘ఎమ్మార్వో ఆఫీసు’ అనే అంటాడు. తెలంగాణలో 2020లో వీఆర్వో పదవి రద్దయినా, ఆ మాట జనం నోట ఇంకా వినిపిస్తుంది.

5. ముగింపు:
పారశీకమైనా ఆంగ్లమైనా అధికారి పేరు పాలకుల భాషలోనే పుట్టింది. అర్జీదారుకు ఆ అక్షరాల విస్తరణ తెలియకపోవచ్చు. తన భూమి కాగితంపై ఎవరి సంతకం కావాలో తెలుసు. అతని దృష్టిలో పదానికి అర్థం ఆ సంతకమే. అందుచేత పదవులను ఉత్తర్వులు మార్చగలిగినా, వాటి పేర్లు వాడుకలో నిలవడం, నిలవకపోవడం ప్రజల అవసరాన్ని అనుసరించే జరుగుతుంది.