కొత్త చేతి తుపాకి వచ్చిందట… మరి దొరుకుతదా, పని జేస్తదా?

పోయిన నెల మా అక్క కొడుకు దుబాయ్ నుంచి గొల్లపల్లికి వచ్చిండు. వచ్చిన రెండో దినమే ఫోన్ల ఒక వీడియో చూపిచ్చి, "మామా, గిది మనం కొనొచ్చా?" అని అడిగిండు. కాన్పూర్ల తయారైన కొత్త రివాల్వర్. పేరు ప్రబల్. యాభై మీటర్ల దాకా కొడ్తదని వీడియోల ఒగటే మోత.

నవ్వి ఊకుందామంటే మనసు రాలే. వాడు రెండేండ్లకోసారి వస్తడు. ఇంట్ల మా అక్క, వాని భార్య, చిన్న బిడ్డ ఉంటరు. నిరుడు వాళ్ల వాడకట్టుల దొంగలు పడ్డరు. గల్ఫ్ పైసలతోని బంగారం చేపిచ్చుకున్న ఇండ్లు మన జగిత్యాల, కోరుట్ల దిక్కు ఎన్ని ఉన్నయో మీకు ఎర్కే. గందుకే వానికి తెలిసింది, నాకు తెలిసింది కలిపి, ఇంకొంత అడిగి తెలుసుకొని గిది రాస్తున్న.

ముందుగాల ఒక ముచ్చట. మన దేశంల మామూలు మనిషికి ఏ తుపాకి పడితే ఆ తుపాకి ఇయ్యరు. పోలీసోళ్లు, మిలిటరీ వాడే 9 ఎంఎం, .38 అసొంటివి నిషేధ బోరు కిందికి వస్తయి. మనకు మిగిలేది ఎక్కువగ .32, .22. గీ .32 గుండు చిన్నది, పాతకాలందే. పై దేశాలల్ల చానా మంది దాన్ని విడిచిపెట్టి ఎన్నో ఏండ్లాయె. మన దగ్గర చట్టం అట్లున్నది కాబట్టి అదే నడుస్తున్నది. ఇంకోటి, 1980ల నడుమ నుంచి మామూలు జనం బయటి దేశపు తుపాకులు తెప్పిచ్చుకునుడు బందయింది. అంటే గిరాకి ఉన్నా, చానా ఏండ్లు అమ్మేటోడు దగ్గరదగ్గర ఒక్కడే ఉండె, సర్కారు. ఊర్లె ఒక్కటే కిరాణం దుకాణం ఉంటే ధర ఎట్లుంటదో, పుచ్చిన పప్పు వాపస్ తీసుకొమ్మంటే ఆ సేటు ఎట్ల మాట్లాడ్తడో మీకు నేను జెప్పాల్నా?

ప్రబల్ కంటే ముందు 2014 జనవరిల "నిర్భీక్" అని ఒకటి వచ్చింది. ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత ఆడోళ్ల కోసమని పేరు పెట్టి కాన్పూర్ సర్కారు కార్ఖానోళ్లు తెచ్చిన్రు. టైటానియం మిశ్రమంతోని చేసిన్రు, బరువు అర కిలో. నగల పెట్టె తీరు డబ్బాల పెట్టి ఇచ్చిన్రు. ధర 1,22,360 రూపాయలు. మన సిరిసిల్లల బీడీలు చుట్టే చెల్లెకు ఆ పైసలు ఎన్నేండ్ల కూలో లెక్కేసుకోండ్రి. తుపాకి బాధిత మహిళల నడుమ పనిచేసే బీనాలక్ష్మి నెప్రమ్ అప్పుడే దీన్ని తప్పు పట్టింది. ఆడోళ్లను కాపాడలేకపోయినమని సర్కారే ఒప్పుకున్నట్టున్నదని ఆమె వాదం. నాకైతే ఆ మాట ఇయ్యాల్టికి గూడ సరైందే అనిపిస్తది. తర్వాత పశ్చిమ బెంగాల్ల ఇచ్ఛాపూర్ కార్ఖాన నుంచి .22 బోరుతోని "నిడర్" అని ఇంకా చిన్నది, ఇంకా తేలికది వచ్చింది. అది అగ్గువే, గని గుండు గూడ అంత చిన్నదే.

2021 అక్టోబర్ 1 నాడు ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును తీసేసి ఏడు కంపెనీలు జేసిన్రు. మన ఎద్దుమైలారం కార్ఖాన సాయుధ వాహనాల కంపెనీలకు పోయింది. తుపాకుల కార్ఖానలు కాన్పూర్ల ఉన్న ఏడబ్ల్యూఈఐఎల్ అనే కంపెనీ కిందికి పోయినయి. గుండ్లు చేసేది వేరే, మ్యూనిషన్స్ ఇండియా. అంటే తుపాకి ఒకడు చేస్తడు, గుండు ఇంకొకడు చేస్తడు. ట్రాక్టర్ ఒకటి, డీజిల్ ఇంకొకటి అయినట్టు. ఏదన్నా తేడా వస్తే ఎవరిది తప్పు అనే పంచాది మొదలయితది.

ప్రబల్‌ను 2023 ఆగస్టు 18 నాడు విడుదల జేసిన్రు. బరువు ఏడు వందల గ్రాముల దాకా, గొట్టం పొడుగు 76 మిల్లీమీటర్లు. దాంట్ల అసలు కొత్తదనం ఏందంటే గుండ్ల చక్రం పక్కకు తెరుసుకుంటది. పాత .32 రివాల్వర్ ఇంగ్లీషోళ్ల వెబ్లీ నమూనా నుంచి వచ్చింది. గుండ్లు నింపాల్నంటే తుపాకిని నడుమకు మడవాలె. పక్కకు తెరిచే పద్ధతి బయట దేశాలల్ల నూరేండ్ల కంటే ముందే ఉన్నది. మనకు 2023ల వచ్చింది. సంబురపడాల్నో, సిగ్గుపడాల్నో మీరే జెప్పుండ్రి. యాభై మీటర్లు అనే మాట గూడ జర సమజు చేసుకోవాలె. గుండు అంత దూరం పోవుడు వేరు, మూడంగులాల గొట్టంతోని మనిషి అంత దూరం గురి కొట్టుడు వేరు. సాధన లేనోడు చీకట్ల, చేయి వణుకుతుంటే పది అడుగుల కాడ గూడ తప్పుతడు.

నేను హైదరాబాద్ పోయినప్పుడు ఒక తుపాకుల దుకాణంల అడిగిన. పేరు రాయ, ఆయన రోటీ ఎందుకు చెడగొట్టాలె. "లైసెన్స్ ఉన్నదా?" అన్నడు. లేదన్న. "ఉన్నోళ్లే ఎదురు చూస్తున్రు కాక, నువ్వెందుకు వచ్చినవు" అన్నడు. బుక్ చేసుకోవాలె, సరుకు ఎప్పుడొస్తే అప్పుడు ఫోన్ జేస్తరు. ఏ నెల అంటే చెప్పడు. గుండ్లు గూడ లైసెన్స్ మీద రాసినన్నే ఇస్తరు. అవి సాధనకే సరిపోవు. ఇగ పన్ను ముచ్చట. 2025 సెప్టెంబర్ 22 నుంచి రివాల్వర్, పిస్టల్ మీద జీఎస్టీ 28 శాతం కాదు, 40 శాతం. లక్ష రూపాయల సరుకుకు నలభై వేలు పన్నే.

మరి నాణ్యత? మాకు తెలిసిన ఒక రిటైర్డ్ కాంట్రాక్టర్ దగ్గర లైసెన్స్ పిస్టల్ ఉన్నది. ఏ కంపెనీదో రాయను. కొన్నంక ఆరేండ్లు బీరువాల పెట్టిండు. ఒకపారి రేంజిల కాలుస్తే మూడో గుండుకే ఇరుక్కున్నది. ఆయనకు చెమటలు పట్టినయి. "ఇంట్లకు దొంగలు వచ్చిన రోజు గిట్లయితే?" అన్నడు నాతోని. పిస్టల్‌కు, రివాల్వర్‌కు ఉన్న తేడా గీడ తెలుస్తది. రివాల్వర్‌ల ఒక గుండు పేలకుంటే మళ్ల ట్రిగ్గర్ గుంజితే చక్రం తిరిగి ఇంకో గుండు వస్తది. పిస్టల్ ఇరుక్కుంటే చేతితోని సాఫ్ చేయాలె, దానికి అలవాటుండాలె. గుండు పాతదా, నూనె ఎండిందా, స్ప్రింగు నీరసమా, తయారీలనే తేడానా? చానాసార్లు తెల్వనే తెల్వదు.

మన దేశపు సరుకునే తిడుతున్న అనుకోకుండ్రి. అమెరికాల రెమింగ్టన్ ఎంత పాత కంపెనీ! 2014ల "ఆర్51" అని జేబుల పట్టే 9 ఎంఎం పిస్టల్ తెచ్చింది. పత్రికలల్ల మొదట మస్తు పొగిడిన్రు. కొన్నోళ్ల చేతుల మాత్రం సరిగ పనిచెయ్యలే. అదే ఏడు జులైల కంపెనీ వాపస్ తీసుకుంటమన్నది. మళ్ల 2016ల గని మార్కెట్ల పెట్టలే. 2018ల సిగ్ సావర్ "పి365" వచ్చింది. మొదటి దఫా పిస్టళ్లల్ల కొన్నింటికి సుత్తి తీరు కొట్టే పుల్ల విరిగిందని ఫిర్యాదులొచ్చినయి. తర్వాత సరిచేసిన్రు, ఇప్పుడు అది మస్తు అమ్ముడుపోతది. గీ రెంటి నుంచి నాకు అర్థమైంది ఒక్కటే, కొత్తగ వచ్చిన మోడల్ మొదటి ఏడాదిల కొనేటోడు పైసలిచ్చి పరీక్ష చేసేటోడు.

మా అల్లుడు పనిచేసే దేశం ముచ్చట గూడ ఉన్నది. అబుదాబిల కారకాల్ అనే తుపాకుల కంపెనీ ఉన్నది. దాని చిన్న మోడల్ "సి" పిస్టల్‌ను భద్రత లోపం ఉన్నదని 2013ల అమెరికాల వాపస్ తీసుకున్నది. అదే కారకాల్‌తోని కలిసి హైదరాబాద్ల ఐకామ్ కంపెనీ చిన్న ఆయుధాల కార్ఖాన తెరిచింది. హైదరాబాద్‌దే లోకేష్ మెషిన్స్ "అస్మి" అనే 9 ఎంఎం మెషిన్ పిస్టల్ చేస్తున్నది. 2024ల ఆర్మీ నార్తర్న్ కమాండ్ 550 అస్మీలు అడిగింది. అంటే చేతి తుపాకులు మన రాష్ట్రంలనే తయారైతున్నయి, గని అవి ఫౌజుకు, పోలీసులకు. మనం దుకాణంల అడుగుతే రావు.

అమెరికాల గూడ ఒక చిత్రం ఉన్నది. టోస్టర్ కాలితే వాపస్ తీసుకొమ్మని కంపెనీని బలవంతం చేసే సర్కారు సంస్థ ఉన్నది, తుపాకుల మీద మాత్రం దానికి అధికారం లేదు. కంపెనీ తనంతల తాను ఒప్పుకోవాలె. మన దగ్గర 2019 వినియోగదారుల చట్టం ఉన్నది. లోపమున్న సరుకు మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. బిల్లు, నంబరు పదిలంగ పెట్టుకోవాలె. మరమ్మతు గూడ లైసెన్సున్న దుకాణంలనే చేపియ్యాలె, ఊరి వెల్డింగ్ షాపుల కాదు.

మా తాతకు అడవి పందుల కోసం ఒక భర్మార్ తుపాకి ఉండె. 1978 సెప్టెంబర్ 7 జగిత్యాల జైత్రయాత్ర, ఆ వెనుక జగిత్యాల, సిరిసిల్లలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించుడు, అవన్నీ అయినంక తాత దాన్ని ఠాణల అప్పజెప్పిండు. మళ్ల అడగలే. తుపాకి ఇంట్ల ఉంటే ఇటు వాళ్లు వస్తరు, అటు వీళ్లు వస్తరు అనేటోడు. మా ఊర్లల్ల తుపాకి అంటే భయం గట్ల పుట్టింది, సినిమాలు చూసి కాదు.

ఇగ అసలు భయం చెప్త. లైసెన్స్ రాక, రివాల్వర్ దొరకక, కొందరు పోరగాండ్లు తపంచ దిక్కు చూస్తున్రు. బిహార్ ముంగేర్ దిక్కు నుంచి వచ్చే నకిలీ పిస్టళ్ల మీద "మేడిన్ యూఎస్ఏ" అని చెక్కి ఉంటది. వాటిని పరీక్ష జేసేటోడు లేడు. గుండు ముందుకు పోకుండ వెనక్కి పేలితే చెయ్యి పోతది, కన్ను పోతది. 2019ల సవరించిన ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుంట దగ్గర పెట్టుకుంటే రెండు నుంచి ఐదేండ్ల జైలు. చేసినోనికి, అమ్మినోనికి ఏడేండ్ల నుంచి యావజ్జీవం. పెండ్లి బరాత్‌ల గాలిలకు కాలిస్తే, లైసెన్సున్నది కాలిచ్చినా, రెండేండ్ల దాకా జైలు లేకుంటే లక్ష దాకా జుర్మానా, రెండూ పడొచ్చు. పాస్‌పోర్ట్ మీద బతికే గల్ఫ్ పిలగానికి ఒక్క కేసు అయితే సంసారం ఆగమే.

సరైన తొవ్వ కావాల్నంటే ఇరవై ఒక్క ఏండ్లు నిండాలె. జగిత్యాల అసొంటి జిల్లాల కలెక్టర్ దగ్గర దరఖాస్తు పెట్టాలె. పోలీసులు విచారణ జేస్తరు. భద్రంగ వాడుడు నేర్చుకున్నట్టు శిక్షణ సర్టిఫికెట్ చూపియ్యాలె. ప్రాణానికి ఏం ముప్పున్నదో చెప్పాలె, దొంగల భయం అని ఒక్క మాట రాస్తే సరిపోదు. లైసెన్స్ వచ్చినా ఎలక్షన్లప్పుడు ఠాణల పెట్టుమంటరు. ఇంకోటి, లైసెన్స్ మా అల్లుని పేరు మీద వస్తే, వాడు దుబాయ్‌ల ఉంటే, ఇంట్ల ఉన్న అక్క దాన్ని ముట్టొద్దు. ఆమెకు లైసెన్స్ లేదు గద.

గీ మాట చెప్పేసరికి వాడు చానాసేపు మాట్లాడలే. "అయితే ఎవల కోసం కొనాలె మామా?" అన్నడు. తెల్లారి జగిత్యాల పోయి నాలుగు కెమెరాలు, వాకిట్లకు ఒక పెద్ద లైటు తెచ్చిండు, వెనుక తలుపుకు ఇనుప గ్రిల్ చేపిచ్చిండు. లైసెన్స్ ఫారం గూడ తెచ్చుకున్నడు. విమానం ఎక్కే నాటికి అది టీవీ మీదనే ఉండె, నింపలే.