జాకీ కథ

ఇంటివద్ద ఇంజను ఆయిలు మార్చుకొనువారు కారును పైకెత్తు నూనె జాకీకి మూలము పాస్కల్ సూత్రము. మూసిన పాత్రలోని ద్రవమును ఒకచోట నొక్కినచో, ఆ పీడనము అంతటను సమానముగా వ్యాపించును. ఆయన గ్రంథము మరణానంతరము 1663లో అచ్చయినది. చిన్న పిస్టనుపై 1 కిలో బరువుంచినచో, 100 రెట్లు వైశాల్యముగల పెద్ద పిస్టను 100 కిలోలు మోయును.

1795లో ఇంగ్లండున జోసెఫ్ బ్రామా ఇట్టి నీటి ప్రెస్సుకు పేటెంటు పొందెను. చిక్కంతయు పిస్టను చుట్టునున్న సందులో వచ్చినది. బిగించినచో పిస్టను కదలదు. వదలినచో నీరు కారును. గిన్నెవలె వంచిన తోలుపట్టీ దీనిని తీర్చెను. నీటి ఒత్తిడియే తోలును గోడకు అదుమును. ఒత్తిడి పెరిగినకొలది బిగువును పెరుగును! ఎంత చక్కని యుక్తి! ఇది బ్రామా వద్ద పనిచేసిన హెన్రీ మాడ్‌స్లేదని చెప్పుదురు. చేత మోయదగిన జాకీకి 1851లో న్యూయార్కున రిచర్డ్ డడ్జన్ పేటెంటు పొందెను.

నేడు నీటికి బదులు నూనె, తోలుకు బదులు రబ్బరు వంటి పదార్థములు వచ్చినవి. అయినను ఆ పట్టీ అరుగును, నూనె జారును, కారు దిగును. ఇనుప స్టాండులో కారిపోవుటకు ఏమియు లేదు. కావున గట్టి సమతలమున, చక్రములకు అడ్డుపెట్టి కారు నెత్తి, బరువును స్టాండ్లపైకి దింపిన పిమ్మటనే క్రిందికి దూరవలెను.