ఏ సోర్సు వాటా ఎంత?

కప్ప కండరాల్లో పుట్టే కరెంటును కొలవడానికి పూనుకున్న శరీరధర్మశాస్త్రజ్ఞుల వల్లే సూపర్‌పొజిషన్ సిద్ధాంతం సర్క్యూట్లలోకి వచ్చింది. 1850ల తొలినాళ్లలో హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ కోనిగ్స్‌బర్గ్‌లో శరీరధర్మశాస్త్ర ఆచార్యులు. బెర్లిన్‌లో ఆయన మిత్రుడు ఎమిల్ డ్యు బ్వా-రేమాన్ నరాల, కండరాల విద్యుత్తు మీద పనిచేస్తున్నారు. ఇద్దరినీ వేధించిన చిక్కు ఒకటే. కండరం లోపల విద్యుత్తు లెక్కలేనన్ని చోట్ల పుడుతుంది, మీటరు తీగలు మాత్రం పైనే ఆనించగలం. పైన చూసిన ఒక్క అంకె నుంచి లోపలి సంగతి ఎలా తెలుసుకోవాలి?

1853లో ప్రచురించిన వ్యాసంలో హెల్మ్‌హోల్ట్జ్ దారి చూపారు. ఒక్కో సోర్సు ఒంటరిగా పనిచేస్తే ఎక్కడ ఎంత వోల్టేజి వస్తుందో లెక్కకట్టి, ఆ విలువలన్నీ కూడితే, అన్ని సోర్సులూ కలిసి పనిచేసినప్పటి వోల్టేజి వస్తుంది. ఇదే సూపర్‌పొజిషన్. థెవెనిన్ సిద్ధాంతంగా మనం చదువుకునే ఫలితం కూడా ఆ వ్యాసంలోనే ఉంది. ఫ్రెంచి టెలిగ్రాఫ్ ఇంజనీరు థెవెనిన్ దాన్ని స్వతంత్రంగా కనుక్కున్నది 1883లో, అంటే 30 ఏళ్ల తర్వాత.

కూడిక ఆలోచన అంతకు ముందే ఉంది. మీటిన తీగ కదలిక అనేక సరళ కంపనాల మొత్తమని 1753లో డేనియల్ బెర్నూలీ అన్నారు. ఆయిలర్, దలాంబేర్ అంత మహామహులు ఒప్పుకోలేదు. విద్యుత్తుకు ఆ ఆలోచన అతకడానికి 1827 నాటి ఓమ్ నియమం, 1845లో కిర్కాఫ్ విద్యార్థిగా ఉండగానే ఇచ్చిన రెండు నియమాలు అవసరమయ్యాయి. ఆ సమీకరణాల్లో వోల్టేజి, కరెంటు వర్గాలుగానో లబ్ధాలుగానో ఎక్కడా రావు. సిద్ధాంతం బలమంతా అందులోనే ఉంది.

చిన్న లెక్క చూద్దాం. 2 ఓమ్‌ల లోడుకు ఒకవైపు నుంచి 16 వోల్టుల సోర్సు, ఇంకోవైపు నుంచి 8 వోల్టుల సోర్సు కలిపాం. ఒక్కోదాని దారిలో 4 ఓమ్‌ల నిరోధం ఉంది. మొదట 8 వోల్టుల సోర్సును తీసి ఆ చోటును షార్ట్ చేస్తే లోడులో 2 ఆంపియర్లు. దాన్ని తిరిగి పెట్టి 16 వోల్టుల సోర్సును అలాగే చేస్తే 1 ఆంపియర్. రెండూ ఉంటే 3 ఆంపియర్లు. కరెంట్ సోర్సు అయితే షార్ట్ చేయకుండా ఓపెన్‌గా వదలాలి. ఏ సోర్సును తీసినా దాని అంతర్గత నిరోధం సర్క్యూట్‌లోనే ఉండాలి.

పవర్ దగ్గర మాత్రం ఈ కూడిక చెల్లదు. విడివిడిగా లోడులో 8 వాట్లు, 2 వాట్లు వస్తాయి. నిజంగా ఖర్చయ్యేది 18 వాట్లు. కరెంటు వర్గం లెక్కలోకి రాగానే సిద్ధాంతం గీత దాటేశాం. ఈ గీతను నెమ్మదిగా, ఇలాంటి అంకెలతో చూపించే పాఠం తరగతిలో అన్నిటికంటే విలువైనదని నా నమ్మకం.

పవర్ ఇంజనీర్లకు ఈ సిద్ధాంతం పెద్ద ఆయుధంగా మారింది 1918లో. మూడు ఫేజులు సమంగా లేని వ్యవస్థను మూడు సమతుల్య వ్యవస్థల మొత్తంగా విడదీయవచ్చని చార్లెస్ ఫోర్టెస్క్యూ ఆ ఏడాది చూపారు. సబ్‌స్టేషన్లలో ఎర్త్ ఫాల్ట్ రిలే కనిపెట్టి ఉండే జీరో సీక్వెన్స్ కరెంటు ఫోర్టెస్క్యూ చేసిన ఆ విభజనలోదే.

మన విద్యార్థులకు ఈ విషయాలు చేర్చిన పుస్తకాల్లో గుంటూరు, ఏలూరు కాలేజీల అధ్యాపకులు సుధాకర్, శ్యామ్‌మోహన్ పల్లి రాసిన సర్క్యూట్స్ అండ్ నెట్‌వర్క్స్ ఒకటి. సర్క్యూట్‌లో ఇంకోచోటి వోల్టేజినో కరెంటునో బట్టి మారే డిపెండెంట్ సోర్సులను తీయకూడదన్నది పాఠ్యపుస్తకాల మామూలు నియమం. జాగ్రత్తగా చేస్తే వాటినీ తీయవచ్చని జార్జియా టెక్‌లో మార్షల్ లీచ్ వాదించారు. అంత పాత సిద్ధాంతంలోనూ తేలని చర్చ మిగలడం నాకు ఆనందంగా ఉంటుంది.

1970ల తొలినాళ్లలో బర్క్‌లీలో స్పైస్ ప్రోగ్రాం పుట్టాక సోర్సులన్నిటినీ ఒకేసారి పెట్టి సమాధానం రాబట్టడం కంప్యూటర్ వంతయింది. అయితే అలా వచ్చేది మొత్తమే, ఎవరి వాటా ఎంతో అందులో కనిపించదు. వాటాలు కావలసిన చోటల్లా పాత పద్ధతే మళ్లీ పనికొస్తోంది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక హైదరాబాద్ హైటెక్ సిటీలో వరసగా లేచిన ఆఫీసుల్లాంటి భవనాలు దానికి మంచి ఉదాహరణ. కంప్యూటర్ పవర్ సప్లైలో రెక్టిఫయర్, కెపాసిటర్ ఉంటాయి. పవర్ ఫ్యాక్టర్‌ను సరిదిద్దే సర్క్యూట్ లేని పాత సప్లైలు వోల్టేజి శిఖరం దగ్గర మాత్రమే కరెంటు గుంజుతాయి. అందువల్ల 50 హెర్ట్జ్‌తో పాటు 150, 250, 350 హెర్ట్జ్ కరెంట్లు కూడా తీగల్లోకి వస్తాయి. లోడు సమంగా ఉంటే 50 హెర్ట్జ్ భాగాలు న్యూట్రల్‌లో ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మూడు ఫేజుల 150 హెర్ట్జ్ భాగాలు మాత్రం ఒకే దిశలో నడిచి న్యూట్రల్‌లో పేరుకుంటాయి. మరీ చెడ్డ పరిస్థితిలో న్యూట్రల్ కరెంటు ఫేజు కరెంటుకు 1.73 రెట్లు కావచ్చు. అందుకే న్యూట్రల్ తీగను సన్నగా వేయకూడదు.

ఇలాంటి భవనాన్ని పరీక్షించే ఇంజనీరు లోడును ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఒక్కో కరెంట్ సోర్సుగా తీసుకుంటారు. 150 హెర్ట్జ్ దగ్గర ఇండక్టెన్స్ అడ్డు మూడు రెట్లవుతుంది గనుక ప్రతి ఫ్రీక్వెన్సీకీ సర్క్యూట్‌ను కొత్తగా లెక్కకట్టాలి. పవర్ ఫ్యాక్టర్ కోసం పెట్టిన కెపాసిటర్లు ట్రాన్స్‌ఫార్మర్‌తో కలిసి ఏ హార్మోనిక్ దగ్గర రెసొనెన్స్‌కు వస్తాయో ఈ లెక్కలోనే బయటపడుతుంది. ఇక్కడ సగటు పవర్‌ను కూడవచ్చు కూడా. ఫ్రీక్వెన్సీలు వేరైనప్పుడు వర్గంలో అదనంగా వచ్చే పదాల సగటు సున్నా అవుతుంది.

ఇదే హైటెక్ సిటీలో చిప్పులు డిజైన్ చేసేవాళ్లకు తీగల మధ్య క్రాస్‌టాక్ రూపంలో ఇదే ప్రశ్న ఎదురవుతుంది. నిలకడగా ఉండాల్సిన తీగను విక్టిమ్ అంటారు, పక్కన మారుతూ ఉండే తీగలు అగ్రెసర్లు. ఒక్కో అగ్రెసర్‌నే మార్చి నాయిస్ లెక్కించి, ఆ తర్వాత అన్నీ కూడతారు. విక్టిమ్‌ను పట్టి ఉంచే ట్రాన్సిస్టర్ సరళరేఖలో నడవదు గనుక దాని స్థానంలో ఒక సమాన నిరోధం పెడతారు. నాయిస్ పెద్దదైతే ఆ ఉజ్జాయింపు తప్పుతుంది, అప్పుడు పూర్తి సిమ్యులేషన్‌కు వెళ్లక తప్పదు. అగ్రెసర్లన్నీ ఒకే క్షణంలో మారతాయో లేదో కూడా చూడాలి, శిఖరాలు వేర్వేరు సమయాల్లో వస్తే మొత్తం తగ్గుతుంది. ఒక్కో తీగ వాటా, దాని సమయం చేతికి వస్తేనే ఏ తీగను దూరం జరపాలో, ఏ డ్రైవర్‌ను బలపరచాలో డిజైనర్ తేల్చుకోగలరు.