నిలకడ లేని బడి

2024 పదో తరగతి ఫలితాల్లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నిటిలోకీ అట్టడుగున నిలిచింది కర్నూలు. రాష్ట్రం మొత్తమ్మీద 86.69 శాతం మంది గట్టెక్కితే ఇక్కడ గట్టెక్కినవాళ్ళు 62.47 శాతం. మొదటి స్థానం 96.37 శాతంతో పార్వతీపురం మన్యానిది. అది కొండల, అడవుల జిల్లా. కాబట్టి ‘వెనకబడిన సీమ, ఇంతే’ అని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. ఇలాంటి ఫలితం వచ్చిన ప్రతిసారీ మొదట వినిపించే మాట బోధన పద్ధతి మార్చాలనే. కొత్త పాఠ్యపుస్తకం, కొత్త పరీక్ష విధానం, కొత్త శిక్షణ శిబిరం వస్తాయి. కర్నూలు సంగతే చూద్దాం. హంద్రీ నదికి ఒక గట్టున కర్నూలు పాతపట్నం, ఇంకో గట్టున కల్లూరు. ఊరు నగరంలో కలిసిపోయినా మండలంలోని పల్లెలు ఇంకా వాన కోసం ఆకాశం చూసేవే. ఈ కల్లూరు చుట్టూ ఉన్న సీమలో గత రెండు వందల ఏళ్ళ బడుల చరిత్ర తిరగేస్తే, పద్ధతి మార్చాలన్న ఆ మాట ఎంత పాతదో, ఎంత చాలనిదో తెలుస్తుంది. ఇక్కడ పద్ధతులకు ఎన్నడూ కొదవ లేదు. కొదవైంది నిలకడ. పిల్లవాడు ఏడాది పొడవునా బడిలో నిలవాలి, అయ్యవారు నాలుగేళ్ళయినా ఒకచోట నిలవాలి, మొదలుపెట్టిన పథకం ఫలితం కంటపడే దాకా నిలవాలి. ఈ మూడూ కలిసిన చోటల్లా చదువు నిలిచింది. ఏ ఒక్కటి తప్పినా మిగతా ఏర్పాట్లు ఎంత గొప్పవైనా కూలిపోయాయి.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో కలెక్టర్లందరినీ బడుల లెక్క అడిగాడు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబు పంపాడు. ఈయన అప్పటికే తెలుగు వ్యాకరణం, నిఘంటువు అచ్చువేయించినవాడు, పల్లె బడిని భాష తెలిసిన కళ్ళతో చూసినవాడు. అప్పటి బళ్ళారి జిల్లాలో ఆదోని, ఆలూరు, పత్తికొండ కూడా ఉండేవి. కల్లూరు కర్నూలు నవాబు ఏలుబడిలో ఉండడంతో ఆ లెక్కకు ఎక్కలేదు. హంద్రీ ఎగువన ఉన్న పడమటి పల్లెలు మాత్రం ఎక్కాయి. జిల్లా మొత్తానికి 533 బడులు. అందులో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. చదివేవాళ్ళు 6,641 మంది, అంటే బడికి పన్నెండు మంది. తొమ్మిది లక్షల పైచిలుకు జనాభాలో వెయ్యికి సుమారు ఏడుగురే.

ఆ నివేదికలో బడి తెల్లవారుజామునే మొదలవుతుంది. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్న, అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా వచ్చే వరస పెరిగేకొద్దీ దెబ్బలూ పెరుగుతాయి. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతారు, పెద్ద తరగతివాడు చిన్నవాడి పక్కన కూర్చుని దిద్దిస్తాడు. చిన్నవాడు నేర్చుకుంటాడు, నేర్పుతున్నవాడికి తన పాఠం గట్టిపడుతుంది. ఈ పద్ధతిని క్యాంప్‌బెల్ మనసారా మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దీన్ని అనుకరించడం సబబేనన్నాడు. మద్రాసులో ఆండ్రూ బెల్ నడిపిన ఇలాంటి ఏర్పాటే అక్కడ ‘మద్రాసు పద్ధతి’ పేరుతో వ్యాపించింది. అదే చేత్తో క్యాంప్‌బెల్ ఒక లోపమూ చూపించాడు. పిల్లలు పద్యాలు అప్పజెబుతారు కానీ అర్థం తెలియదు, ఎందుకంటే పుస్తకంలోని కావ్యభాష వాళ్ళు ఇంట్లో మాట్లాడే భాష కాదు. ఇవన్నీ రాశాక అసలు సంగతి చెప్పాడు. ఒకప్పుడు బడి ఉన్న ఎన్నో ఊళ్ళలో ఇప్పుడు లేదు, జనం చితికిపోయారు, అయ్యవారిని పోషించే శక్తి ఊరికి తగ్గింది. పరాయి దేశం నేర్చుకోదగినంత మంచి పద్ధతి ఉన్నా, దాన్ని ఆచరించే మనిషికి బతుకుతెరువు లేకపోతే బడి మూతపడింది. మన వాదానికి ఇది తొలి ఆధారం.

మన్రో ఈ జవాబులన్నీ చదివి 1826 మార్చిలో తన అభిప్రాయపత్రం రాశాడు. పల్లె అయ్యవారికి నెలకు ఆరేడు రూపాయలకు మించి రావడం లేదనీ, ఆ రాబడితో సరైన మనిషి ఈ పనిలోకి రాడనీ తేల్చాడు. ప్రతి కలెక్టరేటులో రెండు పెద్ద బడులు, ప్రతి తహసీలుకూ ఒక బడి పెట్టాలన్నాడు. పెద్ద బడి అయ్యవారికి నెలకు 15 రూపాయలు, తహసీలు బడిలో 9 రూపాయలు జీతం ప్రతిపాదించాడు. రోగం ఎక్కడుందో ఆయన సరిగ్గానే పట్టుకున్నాడు. అయితే మరుసటి ఏడాది, 1827 జులై 6న, దత్తమండల పర్యటనలో ఉండగా పత్తికొండలో కలరా సోకి చనిపోయాడు. తలపెట్టినవాడు పోయాక పథకాన్ని సొంతం చేసుకున్నవాళ్ళు లేరు. అనుకున్నన్ని బడులు ఎన్నడూ తెరుచుకోలేదు. తెరిచినవాటినీ 1836లో ఎత్తేశారు. కర్నూలు నవాబును గద్దె దించింది 1839లో, కర్నూలు జిల్లా ఏర్పడింది 1858లో. అంటే తహసీలు బడి అనే ఆలోచన పుట్టి, పెరగకుండానే పోయాక ఈ జిల్లా తయారైంది. ఆ పైన 1876–78 ధాత కరువు వచ్చి జిల్లా జనాభాలో సుమారు నాలుగో వంతును ఊడ్చేసింది. అలాంటి దెబ్బ తిన్న పల్లె అయ్యవారికి ఇచ్చే గింజలు ఎక్కడినుంచి తెస్తుంది?

ఆ రోజుల్లోనే మద్రాసు ప్రభుత్వం ప్రైవేటు బడులకు ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి పెట్టింది. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు పిల్లల్ని ఒక్కొక్కరినీ పరీక్షించి, గట్టెక్కినవాళ్ళ లెక్కన డబ్బు మంజూరు చేసేవాడు. నాలుగు దశాబ్దాలు నడిచాక, పిల్లల చేత కంఠస్థం చేయించడం తప్ప దీనివల్ల ఒరిగేదేమీ లేదన్న విమర్శ బలపడి, 20వ శతాబ్దం మొదట్లో దాన్ని విడిచిపెట్టారు. క్యాంప్‌బెల్ చూపిన భాష సమస్య కూడా అలాగే మిగిలింది. 1911 ప్రాంతంలో స్కూల్ ఫైనల్ పరీక్ష వచ్చినప్పుడు, వ్యాసరచనలో పిల్లలు వాడుక భాష రాయవచ్చా అన్నదాని మీద గిడుగు, గురజాడ ఒకవైపు, పండితులు ఇంకోవైపు నిలిచి పెద్ద పోరే చేశారు. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాయవలసి వచ్చింది. పల్లె పిల్లవాడికి అర్థం కావడం లేదని కలెక్టరు రాసి అప్పటికి తొంభై ఏళ్ళు దాటింది! అదే తరానికి చెందిన కర్నూలు బిడ్డ గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఉపాధ్యాయ శిక్షణ కోసం రాజమండ్రి దాకా వెళ్ళాడు. 1907లో వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందుకు ఆ శిక్షణ కళాశాల నుంచే వెళ్ళగొట్టారు. సీమ ఒక మంచి ఉపాధ్యాయుణ్ణి అలా పోగొట్టుకుంది. ఆయన మాత్రం చదువును వదల్లేదు, గ్రంథాలయాలకూ వయోజన విద్యకూ జీవితమంతా ఇచ్చాడు.

స్వాతంత్ర్యం వచ్చాక నిలకడ ఎలా ఉంటుందో చూపించింది గురుకులం. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో తెలంగాణకు సర్వేలులోనూ, 1972లో కోస్తాకు తాడికొండలోనూ, రాయలసీమకు కొడిగెనహళ్ళిలోనూ గురుకుల పాఠశాలలు వెలిశాయి. స్వాతంత్ర్య రజతోత్సవ సందర్భంగా అదే 1972లో కర్నూలుకు సిల్వర్ జూబిలీ కళాశాల వచ్చింది. పాఠం చెప్పే పద్ధతిలో ఈ గురుకుల పాఠశాలలకు ప్రత్యేక మంత్రమేమీ లేదు. పాఠ్యపుస్తకాలు రాష్ట్రమంతటివే, పరీక్ష అందరిదే, మాధ్యమం తొలినాళ్ళలో తెలుగే. తేడా మరోచోట ఉంది. పిల్లవాడు అక్కడే తిని అక్కడే పడుకుంటాడు, ఉపాధ్యాయుడూ ఆ ఆవరణలోనే కాపురం ఉంటాడు, సాయంత్రం చదువుకునే గంటలో సందేహం వస్తే అడగడానికి మనిషి ఉంటాడు. రైతు కూలీల ఇళ్ళలోంచి డాక్టర్లు, ఇంజనీర్లు, అధికారులు వచ్చింది ఈ ఏర్పాటు వల్లే. కల్లూరు మండలంలోనే, చిన్నటేకూరులో, దళిత పిల్లల కోసం నడిచే అంబేడ్కర్ గురుకులం ఐఐటీ, మెడికల్ ప్రవేశ పరీక్షలకు తర్ఫీదు ఇస్తోంది. ఈ మట్టిలో చదువు మొలవదు అనేవారికి జవాబు ఈ మండలంలోనే ఉంది.

దీనికి ఎదురుచెప్పేవాళ్ళు మొదట అనే మాట: గురుకులం పరీక్ష పెట్టి ఏరుకున్న పిల్లల్ని చదివిస్తుంది, వాళ్ళు ఎక్కడున్నా చదువుతారు. ఇందులో నిజం ఉంది. తొలి గురుకులాల ఖ్యాతిలో వడపోతకు వాటా ఉంది. అయితే 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ప్రతిభను ఏరుకోవు. బడి మానేసిన, బడికే రాని ఆడపిల్లలను వెతికి చేర్చుకోవడమే వాటి పని. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి కర్నూలు జిల్లాలో స్త్రీల అక్షరాస్యత 49.78 శాతం. అలాంటి జిల్లాలో తల్లికి సంతకం రాని ఇంటి నుంచి వచ్చిన పిల్ల అక్కడ ఉండి పదో తరగతి దాకా చేరుతోందంటే, పనిచేసింది వడపోత కాదు, నిలకడే. ప్రతి బడినీ గురుకులం చెయ్యడం ప్రభుత్వానికి సాధ్యం కాదన్నదీ నిజమే. గురుకులం నుంచి మామూలు ఉన్నత పాఠశాల తీసుకోవలసింది ప్రహరీ గోడ కాదు. సాయంత్రం రెండు గంటల చదువు, ఒక పూట తిండి, అందుబాటులో ఒక ఉపాధ్యాయుడు. ఇవి ఏ జడ్పీ హైస్కూలుకైనా మోయలేని బరువు కాదు.

రెండో మాట ఇంకా బలమైనది. పస్తులున్న ఇంటికి బడి ఏం చెయ్యగలదు? నీళ్ళు రావాలి, పని దొరకాలి, ఆ తర్వాతే చదువు. పడమటి కర్నూలు గురించి తెలిసినవాళ్ళెవరూ దీన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యలేరు. కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు, ఆదోని వైపు పల్లెల్లో ఖరీఫు పంట చేతికి రాగానే, రాకపోయినా సరే, జనం సుగ్గికి బయలుదేరతారు. గుంటూరు, పల్నాడు వైపు పత్తి తీతకూ మిరప కోతకూ కుటుంబాలు కుటుంబాలే కదులుతాయి. మూటలో బియ్యం, గిన్నెలు, దుప్పట్లు. వెనక తాళం వేసిన ఇళ్ళు, గడప దగ్గర ముసలివాళ్ళు. చంకలో పిల్లను ఆడించడానికి ఎనిమిదేళ్ళ పిల్ల, కాయ కొయ్యడానికి పద్నాలుగేళ్ళ పిల్లవాడు వెంట వెళ్ళవలసిందే. నవంబరులో కదిలినవాళ్ళు మార్చి, ఏప్రిల్ దాకా తిరిగి రారు. పదో తరగతి పరీక్ష పడేది మార్చిలో. సుగ్గి క్యాలెండరు, బడి క్యాలెండరు ఇంత సూటిగా ఢీకొనే చోట పాఠం ఎంత బాగా చెప్పినా వినేవాడు మిరప చేలో ఉంటాడు. అయితే దీని నుంచి తీయవలసిన ముగింపు బడి చేతులెత్తెయ్యాలని కాదు. వలస వెళ్ళే కుటుంబాల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్ళు అనే ఏర్పాటు ఇప్పటికే ఉంది. అవి జనం బస్సెక్కకముందే తెరుచుకోవాలి, ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలను తప్పకుండా చేర్చుకోవాలి. పసిపిల్ల వెంట వెళ్తే కుటుంబానికి ఖర్చు, హైస్కూలు పిల్లవాడు వెంట వెళ్తే ఆదాయం. అందుకే వాణ్ణి ఆపడం కష్టం, అందుకే వాడి కోసం ఎక్కువ చెయ్యాలి. సాగునీరు వచ్చేదాకా ఆగమంటే, ఈలోగా ఒక తరం కోత కూలీలుగానే పెద్దదవుతుంది.

మూడో మాట: ఉపాధ్యాయులకు జీతాలు బాగానే ఉన్నాయి, ఇక కావలసింది జవాబుదారీతనం, ఫలితాలు తేనివారిని నిలదియ్యాలి. జవాబుదారీతనం అక్కర్లేదని ఎవరూ అనరు. కానీ పాసు శాతాన్ని కొలబద్ద చేసుకుంటే ఏమవుతుందో ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చిన మద్రాసు ప్రభుత్వ రోజుల్లోనే ఈ సీమ చూసింది. అర్థం పోయి అప్పజెప్పడం మిగులుతుంది. నిలదీసే ముందు ఇంకో సంగతి గమనించాలి. 2018 తర్వాత ఉపాధ్యాయ నియామకాల డీఎస్సీ మళ్ళీ జరిగింది 2025లోనే. రాష్ట్రవ్యాప్తంగా 16,347 పోస్టులు నింపడానికి తీసిన ఆ ప్రకటనలో ఉమ్మడి కర్నూలు జిల్లా వాటా రెండున్నర వేలు దాటింది. ఆ ఏడేళ్ళలో ఆరో తరగతిలో చేరి పది పూర్తిచేసిన పిల్లవాడు ఖాళీ కుర్చీల మధ్యే చదువుకున్నాడు. అంతకుముందు పరీక్షలో తెచ్చిన అంతర్గత మార్కులను అదే కాలంలో, 2019లో, తీసేశారు. పదకొండు పేపర్లు ఏడై, 2023 నాటికి ఆరయ్యాయి. వెయ్యి ప్రభుత్వ బడులను సీబీఎస్ఈకి మార్చి, 2024లో వెనక్కి తెచ్చారు. వీటిలో ఏది మంచిది, ఏది చెడ్డది అన్న చర్చ వేరు. ఏ ఒక్కటీ తన మంచిచెడ్డలు తేలేదాకా నిలవలేదన్నదే అసలు నష్టం. 2024లో పది రాసిన పిల్లలు ఆరో తరగతిలో ఉండగానే కరోనాతో బడులు మూతపడ్డాయి. వాళ్ళ కాళ్ళ కింద నేల ఇన్నిసార్లు కదిలింది.

కాబట్టి కల్లూరు మండలంలోనైనా, పత్తికొండలోనైనా ఉన్నత పాఠశాల బాగుపడాలంటే వేసుకోవలసిన ప్రశ్నలు కొత్తవి కావు. ఈ బడిలో గణితం అయ్యవారు ఎన్నేళ్ళుగా ఉన్నారు? ఆరులో చేరినవాళ్ళలో ఎందరు అదే బడిలో పదికి చేరారు? నవంబరులో ఎవరు వెళ్ళారు, ఎవరు మిగిలారు? పాఠం పిల్లవాడు ఇంట్లో మాట్లాడే మాటలోకి దిగుతోందా? పాసు శాతం కంటే ముందు ఈ నాలుగు లెక్కలూ ప్రతి బడి గోడ మీదా ఊరందరికీ కనిపించేలా రాసి ఉంచాలి. బదిలీలూ నియామకాలూ హాస్టళ్ళూ ఆ లెక్కను చూసే జరగాలి. క్యాంప్‌బెల్ చూసిన బడిలో ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. ఈనాటి ప్రభుత్వం రాయవలసింది ఆలస్యంగా వచ్చినవాడి పేరు, మిరప చేనుకు వెళ్ళి తిరిగి రానివాడి పేరు. ఆ పేర్లు రాసుకుని వాళ్ళను వెనక్కి తెచ్చే అయ్యవారు అదే ఊళ్ళో నాలుగేళ్ళు నిలిస్తే, 1826లో మొదలై 1836లో ఆగిపోయిన పని మళ్ళీ మొదలైనట్టు.