మోంటిచెల్లో: కొన్నవాళ్లు, కట్టినవాళ్లు

అమెరికా అయిదు సెంట్ల నాణెం మీద గుమ్మటమున్న ఇల్లొకటి కనిపిస్తుంది. అది వర్జీనియాలోని మోంటిచెల్లో. స్వాతంత్ర్య ప్రకటన రాసిన థామస్ జెఫర్సన్ ఇల్లు. తండ్రి ఇచ్చిన భూమిలో 1768లో కొండ నెత్తిని చదును చేయించి, మరుసటేడు కట్టడం మొదలుపెట్టాడు. ఫ్రాన్స్‌లో రాయబారిగా పనిచేసి వచ్చాక పాత నమూనా నచ్చక, 1796 నుంచి మళ్లీ మార్చి కట్టించాడు. పని ముగిసేసరికి 1809 వచ్చింది.

ముందు హాల్లోని గడియారం ఆయన ఆలోచనే. తాళ్లకు కట్టిన ఇనుప గుండ్లు గోడ వెంట కిందికి దిగుతూ, పక్కనున్న గుర్తులతో ఏ వారమో చెబుతాయి. గోడ ఎత్తు చాలక నేలకు కన్నం పెట్టారు. శనివారం గుర్తు నేలమాళిగలో ఉంటుంది.

ఇంటి పనిలో, పొలం పనిలో తరతరాల బానిసల చెమట ఉంది. జెఫర్సన్ జీవితకాలంలో ఆ కొండ మీద బతికిన బానిసలు 400 మందికి పైనే. 1826 జులై 4న ఆయన చనిపోయేనాటికి అప్పు లక్ష డాలర్లు దాటింది. వీలునామాలో అయిదుగురికి స్వేచ్ఛ రాశాడు. వారిలో కమ్మరి జోసెఫ్ ఫాసెట్ ఒకడు. కానీ 1827 జనవరిలో వేలానికి పెట్టిన 130 మందిలో అతని భార్య ఈడిత్, పిల్లలు ఉన్నారు. కొడుకు పీటర్‌కు అప్పటికి పదకొండేళ్లు.

1831లో ఇంటిని కొన్న జేమ్స్ బార్‌క్లే అక్కడ పట్టుపురుగుల పెంపకానికి దిగాడు. 1834లో అది నౌకాదళ అధికారి యూరియా లెవీ చేతికి వచ్చింది. యూదుడైన లెవీకి మతస్వేచ్ఛ కోసం నిలబడ్డ జెఫర్సన్ అంటే గౌరవం. 1862లో ఆయన పోయాక వారసులు కోర్టుకెక్కారు, ఇల్లు పాడుబడింది. 1879లో తమ్ముడి కొడుకు జెఫర్సన్ మన్రో లెవీ వాటాలు కొని బాగుచేయించాడు. 1923లో అయిదు లక్షల డాలర్లకు ఒక ఫౌండేషన్ కొనుక్కుంది. యూదు కుటుంబం దాదాపు తొంభై ఏళ్లు కాపాడకపోతే, 1987లో యునెస్కో గుర్తించడానికి ఇల్లే మిగిలేది కాదేమో.

వేలంలో అమ్ముడైన పీటర్ ఫాసెట్ తర్వాత స్వేచ్ఛ పొంది సిన్సినాటిలో మతబోధకుడయ్యాడు. 1900లో, ముసలితనంలో, పుట్టిన చోటు చూసుకోవడానికి వచ్చాడు. 1993 నుంచి ఫౌండేషన్ అలాంటి కుటుంబాల వారసుల జ్ఞాపకాలు సేకరిస్తోంది. కొన్నవాళ్ల వివరాలు దస్తావేజుల్లో దొరుకుతాయి. కట్టినవాళ్ల కథ కోసం వాళ్ల మునిమనవల గడప తొక్కాల్సిందే. ఈ రెండూ కలిస్తేనే మోంటిచెల్లో చరిత్ర.