క్లౌడ్ నిల్వ వెనుక షెల్ స్క్రిప్టు

1998 నవంబరులో హైదరాబాద్ మాదాపూర్‌లో సైబర్ టవర్స్ అనే ఐటీ భవనం ప్రారంభమైన నాటికి మెదక్ జిల్లాలో ఒక గ్రామంగా ఉన్న తెల్లాపూర్, 2016లో సంగారెడ్డి జిల్లాలో చేరి, 2018లో మున్సిపాలిటీ అయి, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ కార్యాలయాలకు వెళ్లే ఐటీ ఉద్యోగుల నివాసప్రాంతంగా మారింది. ఆ ఉద్యోగాలలో డేటా నిల్వను నిర్వహించడం ఒకటి. దాని చరిత్ర చెప్పేటప్పుడు కంపెనీల పేర్లు ముందుకు వస్తాయి గాని, పని భారం మోసిన షెల్ స్క్రిప్టు ప్రస్తావన అరుదు.

వాడుకరి ఆదేశాలను ఆపరేటింగ్ సిస్టమ్‌కు అందించే ప్రోగ్రామును షెల్ అనీ, అటువంటి ఆదేశాలను వరుసగా రాసిపెట్టిన ఫైలును స్క్రిప్టు అనీ అంటారు. బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ 1979లో యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఏడవ వెర్షన్‌తో వెలువడింది. 1989లో బ్రయన్ ఫాక్స్ రూపొందించిన బ్యాష్ తరువాత లినక్స్‌తో పాటు వ్యాపించి, అమీర్‌పేట శిక్షణ సంస్థల లినక్స్ తరగతులలో పాఠ్యాంశమైంది.

2008లో అమెజాన్ నెట్‌వర్క్ ద్వారా సర్వరుకు తగిలించే డిస్కులను అద్దెకివ్వడం మొదలుపెట్టాక ఈ పాఠానికి కొత్త అవసరం ఏర్పడింది. డిస్కు కనబడేదాకా ఆగి, దానిపై ఫైల్ సిస్టమ్ ఉన్నదో లేదో చూసి, లేని పక్షంలోనే ఫార్మాట్ చేసి, ఒక డైరెక్టరీకి జోడించడం, అంటే మౌంట్ చేయడం, స్క్రిప్టు పని. మధ్యలోని ఆ పరిశీలన లోపిస్తే, రెండవసారి నడిచిన స్క్రిప్టు ఉన్న డేటానంతా తుడిచివేయగలదు. ఈ రంగంలో నైపుణ్యం ప్రధానంగా ఇటువంటి జాగ్రత్తలలోనే ఉంది.

నాసా, రాక్‌స్పేస్ కలిసి 2010లో ఆరంభించిన ఓపెన్‌స్టాక్ అనే క్లౌడ్ సాఫ్ట్‌వేర్‌లో, నిల్వ విభాగం 2012లో సిండర్ అనే ప్రత్యేక ప్రాజెక్టుగా విడివడింది. ఒక్కొక్క తయారీదారు నిల్వ పరికరంతో దానికి తగిన రీతిలో వ్యవహరించే సాఫ్ట్‌వేర్ భాగమే డ్రైవర్. సిండర్ డ్రైవర్లు పైథాన్‌లో రాసినవే అయినా, ప్రయోగశాలలలో వాటిని అమర్చిన డెవ్‌స్టాక్ అనే సాధనం ప్రధానంగా షెల్ స్క్రిప్టుల సముదాయం. కంటెయినర్లను, అంటే కావలసినవన్నీ వెంట ఉంచుకుని విడిగా నడిచే ప్రోగ్రాము పొట్లాలను, నిర్వహించే కుబర్నెటీస్ 2016లో ప్రవేశపెట్టిన ఫ్లెక్స్‌వాల్యూమ్ ఇంకా ముందుకు వెళ్లింది: అటాచ్, మౌంట్ వంటి పిలుపులకు జేసన్ అనే పాఠ్య రూపంలో జవాబివ్వగల ఏ ప్రోగ్రామైనా డ్రైవరుగా చెల్లడంతో, కొద్ది పంక్తుల షెల్ స్క్రిప్టే డ్రైవర్ కాగలిగింది. అయితే ఆ ఫైలును ప్రతి సర్వరులోనూ రూట్ (సర్వోన్నత నిర్వాహక) అధికారంతో పెట్టవలసి రావడం పెద్ద లోపం. కనుక డ్రైవరును కంటెయినరులో నడిపించే సీఎస్‌ఐ (కంటెయినర్ స్టోరేజ్ ఇంటర్‌ఫేస్) ప్రమాణం 2018 డిసెంబరులో కుబర్నెటీస్ 1.13తో స్థిరపడటం సమంజసమే. షెల్ యుగం దానితో ముగిసిందనడం మాత్రం తొందరపాటు, ఎందుకంటే సర్వరు తొలిసారి లేచేటప్పుడు చేయవలసిన అమరికలను నేటికీ చాలాచోట్ల స్క్రిప్టులే చేస్తున్నాయి.

సైబర్ టవర్స్ ప్రారంభమైన 24 ఏళ్లకు, 2022 నవంబరులోనే, అమెజాన్ హైదరాబాద్ రీజియన్, అంటే ఆ ప్రాంతపు డేటా కేంద్రాల సముదాయం, మూడు జోన్లతో, అంటే విడివిడి విభాగాలతో, మొదలైంది. అమెజాన్ అద్దెకిచ్చే డిస్కులు తామున్న జోన్‌లోని సర్వర్లకే తగులుతాయి కాబట్టి, ముంబయి రీజియన్ కోసం రాసిన స్క్రిప్టులను ఇక్కడికి తెచ్చినప్పుడు వాటిలోని రీజియన్ పేరు ఏపీ-సౌత్-1ను ఏపీ-సౌత్-2గా మార్చడంతో పాటు, జోన్ పేర్లను కూడా సరిచూడవలసి ఉంటుంది.